బాలచంద్రుడి వెంట వెళ్లిన కుమ్మరి

పల్నాటి యుద్ధం అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, ఆ తర్వాత బాలచంద్రుడు గుర్తొస్తారు. 1947లో ఒకసారి, 1966లో మరోసారి ఈ కథ సినిమాగా వచ్చింది. పౌరుషం మాటెత్తితే చాలు, పల్నాడులో ఇప్పటికీ ఈ పేర్లే వినిపిస్తాయి. కుమ్మరి పట్టి ఎవరని అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు.

12వ శతాబ్దం చివరి మాట. కోడిపందెంలో నాగమ్మ ఉన్న గురజాల పక్షం చేతిలో ఓడి, బ్రహ్మనాయుడి మాచర్ల పక్షం ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరాక రాజ్యం అడగడానికి గురజాలకు రాయబారిగా వెళ్లిన అలరాజును చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారు. ఇక కత్తి దూయక తప్పలేదు. నాగులేటి ఒడ్డున కారంపూడి యుద్ధభూమి అయింది.

పెద్దలు ముందే అక్కడికి చేరారు. బ్రహ్మనాయుడి కొడుకు, బొంగరాలాడుకునే వయసులో ఉన్న బాలచంద్రుడు ఆలస్యంగా బయల్దేరాడు. అతని వెంట కదిలినవాళ్ల జాబితా చూస్తే ఊళ్లోని పనులన్నీ కనిపిస్తాయి: కుమ్మరి పట్టి, చాకలి చందు, మంగలి మల్లు, కంసాలి చందు, వెలమ దోర్నీడు, బ్రాహ్మణ అనపోతు. పాడేవాళ్లను బట్టి ఈ పేర్లు అక్కడక్కడా మారతాయి. అందరినీ బాలుడి తమ్ముళ్లుగానే పాడతారు.

ప్రయాణానికి ముందు ఐతమ్మ వాళ్లకు అన్నం పెట్టింది. బ్రహ్మనాయుడి భార్య, అన్ని కులాలవాళ్లూ కలిసి తినే చాపకూడు సాగిన ఇంటి ఇల్లాలు. అయినా కులానికో తీరు పళ్లెం పెట్టి వడ్డించిందని కథ. చావడానికి అందరూ కలిసి పోతున్నప్పుడు తిండి దగ్గర ఈ తేడా ఏమిటని తమ్ముళ్లు నొచ్చుకున్నారు. చివరికి కలిసే తిన్నారు. యుద్ధఘట్టాల కంటే ఈ భోజనమే ఈ కథకు గుండెకాయ. సంస్కరణ తలపెట్టిన ఇంట్లోనూ పాత అలవాటు ఎలా తిష్ట వేసుకుంటుందో కథకుడు దాచలేదు.

దారిలో మరో ఘట్టం. అనపోతు చనిపోతే బ్రహ్మహత్యా దోషం తగులుతుందని బాలచంద్రుడు భయపడ్డాడు. మరిచిపోయిన నగ తెమ్మని వంక పెట్టి వెనక్కి పంపాడు. సంగతి గ్రహించిన అనపోతు ప్రాణం తీసుకున్నాడు. ఆ జాగ్రత్త అతనొక్కడికే దక్కింది. కుమ్మరినీ చాకలినీ వెనక్కి పంపాలని ఎవరికీ తోచలేదు! వాళ్లు కారంపూడి దాకా నడిచి, అక్కడే కూలిపోయారు.

కూలిపోయాక వాళ్ల ఇళ్ల సంగతి? బాలచంద్రుడి తండ్రి తెలుసు, తల్లి తెలుసు, భార్య మాంచాల వీడ్కోలు తెలుసు. కుమ్మరి ఇంటి ఊసు మాత్రం జనం నోట నిలిచిన కథలో దాదాపు లేదు. అయితే తెలుగు పల్లెల్లో కులవృత్తి బతుకు ఎలా నడిచేదో తెలిసిందే. పంట వచ్చాక కళ్లం దగ్గర కొలిచి ఇచ్చే మేర గింజలే జీతం. కుమ్మరి వంటకు కుండలిచ్చేవాడు, పెళ్లికి కుండలిచ్చేవాడు, చావుకూ కుండ ఇచ్చేవాడు. మంగలి గడ్డం గీయడంతో ఆగేవాడు కాదు, పుండుకు కత్తి పెట్టేవాడు, సన్నాయి ఊదేవాడు. చాకలి బట్టలు ఉతికేవాడు, ఊరేగింపులో దివిటీ పట్టేవాడు. మేర ఇంటికి రావాలంటే పని చేసే చేయి ఉండాలి. ఆ చేయి యుద్ధంలో పోతే సారె ముందు కూర్చోవడానికి తమ్ముడో, ఎదిగిన కొడుకో కావాలి.

ఈ కథను బతికించినవాళ్లు కూడా కింది కులాలవాళ్లే. శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. అంతకు వందల ఏళ్ల ముందే ఓరుగల్లులో ఒక స్త్రీ పల్నాటి వీరుల పాట పాడిన ముచ్చట ‘క్రీడాభిరామం’లో ఉంది. పల్నాడులో ఆ పాట మాల కులానికి చెందిన వీర విద్యావంతులది. వాళ్లలో అలిశెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోగేర్ అనే అమెరికా పరిశోధకుడు రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. కవుల ఋణం ఎంత ఉన్నా ఈ గాయకుల ఋణమే పెద్దది.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరుల తిరునాళ్ల మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు – అయిదు రోజులు. ఈ వీరులను కొలిచే వీరాచారవంతులు ఊళ్ల నుంచి కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, మోసుకొస్తారు. మందపోరు నాడు చాపకూడు. బ్రహ్మనాయుడు దళితుడైన కన్నమదాసుకు సేనాపతి పదవి ఇచ్చిన సంగతి అక్కడ అందరూ చెబుతారు. బాలచంద్రుడి తమ్ముళ్ల గురించి మాత్రం మనమే అడగాలి.

ఈసారి తిరునాళ్లకు వెళ్లేవాళ్లు కోడిపోరు చూసి వచ్చేయకండి. పాడే పెద్దల దగ్గర ఒక పూట కూర్చుని, కుమ్మరి పట్టి కథ ఎత్తుకోమని అడగండి. ఫోన్ ఎటూ చేతిలోనే ఉంటుంది, వాళ్ల అనుమతితో రికార్డు చేయండి.