లెక్కకు వచ్చిన కవులు

కవిత్వము ఏకాంతమున పుట్టును. కాని ఏకాంతమున బ్రతుకజాలదు. వ్రాసినవానికి విని మెచ్చువాడొకడు, తప్పు చూపువాడొకడు, ప్రతి వ్రాసికొని దాచువాడొకడు కావలెను. పూర్వము ఈ మూడు పనులను పెక్కుచోట్ల రాజాస్థానములు నిర్వహించెడివి. ఆస్థానములు అంతరించిన పిదప ఈ భారమును ఎవరు వహించిరి? ఈ ప్రశ్నకు తెలంగాణ చరిత్ర యొసగు సమాధానము పల్లెటూరి గ్రంథాలయములకు మిక్కిలి దగ్గరిది.

నిజాము రాజ్యమున తెలుగు మాటాడు ప్రజలు లక్షలకొలదిగా నుండిరి. అయినను రాజభాష ఉర్దూ. కచేరీలలోను, పై తరగతుల విద్యలోను తెలుగునకు చోటు లేదు. అట్టి కాలమున, 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన, హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గార్లు దీనికి మూలపురుషులు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము నెలకొన్నది. 1906లో హైదరాబాదుననే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టి, చరిత్ర, శాస్త్ర గ్రంథములను తెలుగువారి చేతి కందించినది. గ్రంథాలయము చదువరులను కూర్చెను. చదువరులు గ్రంథకర్తలకు ఆధారమైరి. ఇది గమనింపదగిన క్రమము.

అయినను భాషకు గౌరవము సులభముగ రాలేదు. 1921 నవంబరులో హైదరాబాదున మహర్షి కర్వే గారి అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగెను. ఇతర భాషల యుపన్యాసములను విన్న సభ, ఆలంపల్లి వెంకట రామారావు గారు తెలుగున ప్రారంభింపగానే అల్లరి చేసెను. మనసు నొచ్చిన తెలుగువారు కలహమునకు దిగలేదు. వెనువెంటనే సమావేశమై ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. గ్రంథాలయములను నెలకొల్పుట, ప్రాచీన గ్రంథములను సేకరించుట ఆ సంఘము చేపట్టిన కార్యములలో ముఖ్యములు. అవమానమునకు వారిచ్చిన ప్రత్యుత్తరము ఒక సంస్థ.

1926 మే 10వ తేదీన సురవరం ప్రతాపరెడ్డి గారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలువడినది. పల్లెల కష్టసుఖములతోపాటు సాహిత్యమునకును అందు తావు కలిగినది. అంతవరకు తన ఊరి అరుగుపై పద్యము చదివి తృప్తిపడిన కవికి పొరుగు తాలూకాలోని కవి యెవడో తెలియవచ్చెను. ప్రజలకు ఆయనపై గల విశ్వాసమునకు నిదర్శనముగ, 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు ఆయనయే అధ్యక్షుడయ్యెను.

ఆ కాలముననే నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒక పండితుడు వ్రాసెను. ఈ మాట పలువురను నొప్పించెను. దానికి కోపముతో వ్యాసము వ్రాసియుండిన నాలుగు దినములలో మరుగునపడెడిది. ప్రతాపరెడ్డి గారు వాదమును విడిచి కవులను కూర్చిరి. ఊరూర నున్నవారి నుండి పద్యములు రప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు గలరు. స్త్రీలును అందు చేరియున్నారు. కవులు లేరనిన నోటికి ఆ సంఖ్యయే సమాధానము.

సంఖ్య కవిత్వమగునా యని అడుగవచ్చును. కాదు. 354 మంది పద్యములును ఒక్క తూకమున తూగవు; ప్రౌఢములు కొన్ని, సామాన్యములు కొన్ని. అయితే ధాన్యము కళ్లమునకు చేరిన పిదపనే తూర్పార పట్టుట. పొలముననే నిలిచిన పైరునందు గింజ యెంత, పొల్లెంత యని నిర్ణయించు టెట్లు? మొదట కూర్పు, పిదప విమర్శ. ఈ క్రమము తప్పినచో మంచి కవియు చెడ్డ కవియు సమానముగ అజ్ఞాతులై పోవుదురు.

ఈ చరిత్రయందు రచయితల కర్తవ్యమును స్పష్టమగుచున్నది. సంపాదకుడెంత సమర్థుడైనను పంపనివాని పద్యమును అచ్చువేయజాలడు. సంకోచముచేతనో, గర్వముచేతనో పద్యమును పెట్టెలో నుంచినవానికి ఆ గ్రంథమున పుట లేదు. కావున తన రచనను పదిమంది యెదుట నుంచుట రచయిత మొదటి ధర్మము. తోడివారి రచనను శ్రద్ధగ చదివి, గుణమును మెచ్చి, దోషమును మర్యాదగ తెలుపుట రెండవది. గతించినవారి వ్రాతలను చెదలబారి నుండి కాపాడి ప్రతి చేయుట మూడవది. ఈ మూడవ పనికి కవియే కానక్కరలేదు. అక్షరము వచ్చి ఓపిక గల యే గృహస్థుడైనను చాలును.

ప్రతాపరెడ్డి గారు 1953లో పరమపదించిరి. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమతి లభించినది. ప్రజల ఆటపాటలను, ఆచారములను చరిత్రకు ఎక్కించిన ఆ గ్రంథమునకును, మారుమూల కవులను పుటకెక్కించిన ఆ సంచికకును మూలభావ మొక్కటియే: లెక్కలోనికి రాని మనుష్యుని లెక్కలోనికి తెచ్చుట.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రామ గ్రంథాలయము చేయదగిన పనియు అదియే. ఇతరుల పుస్తకములను దాచుటతో దాని ధర్మము ముగియదు. ఊరిలో పద్యము కట్టినవారు, హరికథ చెప్పినవారు, యక్షగానము వ్రాసినవారు ఎవరెవరో, వారి వ్రాతలు ఏ ఇంటి అటుకపై నున్నవో విచారించి ఒక పుస్తకమున నెక్కింపవలెను. అటుక మీది తాళపత్రముల కట్టకు చెదలు గడువు నీయవు. రేపు ఎవరైన ఈ ఊర కవులు లేరనినచో, వాదించుటకు మారుగ ఆ పుస్తకమును తెరచి ముందుంచగలిగిననే ఈ రజతోత్సవము సార్థకము.