కిక్కిసకు ఒక లెక్క

కొల్లేటి కిక్కిసను మనమెరుగుదుము. దాని దాయాది జాతి సమశీతల దేశములలో వసంతమున మొలచి, శీతకాలమునకు ఎండిపోవును. మొక్కల ఎదుగుదలను లెక్కించు యత్నము పాతదే. 1735లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రేయోమ్యూర్ దినదినపు వేడిమిని కూడి, పంట పండు కాలమును గణింపజూచినాడు. 2000లో జపానునుండి అసాయెద, కరుణరత్నె ప్రకటించిన సమీకరణములు కంటికి కనబడు కాండమునే గాక, మట్టిలోని దుంపను కూడ లెక్కలోనికి తెచ్చినవి. వసంతమున దుంప తన నిల్వను మొలకకిచ్చును. వేసవి ముదిరిన పిమ్మట ఆకులు ఆ అప్పు తీర్చును. అప్పు తీరకమునుపే కోసినచో మరుసటేడు పొద క్షీణించును. ఎండిన పిదప కోసినచో హాని స్వల్పము. కావున పొదను కాపాడదలచినను, అణచదలచినను, మనము కొడవలికన్న ముందు కాలమును చూడవలెను.