గ్రంథపాలకుడు లేని గ్రంథాలయము: విండోస్ ప్రోగ్రాముల ప్రయాణ చరిత్ర

రజతోత్సవ సంచికలో గ్రంథాలయోద్యమమును గూర్చియు, దాతలను గూర్చియు వ్యాసములుండుట సహజము. కంప్యూటరు ప్రోగ్రాములను ఒక యంత్రమునుండి వేరొక యంత్రమునకు ఎట్లు చేర్చుచు వచ్చిరో తెలుపు చరిత్రకు ఇచట చోటేల యని చదువరులు కొందరు శంకింపవచ్చును. అందులకు సమాధానము కలదు. విండోస్ అను వ్యవస్థయందు ప్రోగ్రాములకు ఆధారమైన ఒక తెగ ఫైళ్లకు డి.ఎల్.ఎల్. అని పేరు. డైనమిక్ లింక్ లైబ్రరీ యని దాని విస్తరణము. మూడవ పదము మనకు చిరపరిచితమే గదా! పేరు ఒక్కటియే కాదు, దాని సుఖదుఃఖములును గ్రంథాలయపు సుఖదుఃఖములే. ఒక్క ప్రతిని నిలిపి పదిమంది అవసరము తీర్చుట దాని సదుద్దేశము. ఆ ప్రతిని ఎవరో మార్చివేయగా తక్కినవారు దిక్కుతోచక నిలుచుట దాని దురవస్థ.

విండోస్‌కు పూర్వము డాస్ కాలమున ఈ చిక్కు అంతగా లేదు. చిన్న ప్రోగ్రాము ఒక్క ఫైలుగనో, నాలుగైదు ఫైళ్లుగనో ఉండెడిది. దానిని ఫ్లాపీమీదికి ఎక్కించి, ఆ ఫ్లాపీని జేబులో వేసికొని పోయి, మరియొక యంత్రములో దింపినచో పని ముగిసెడిది. తాళపత్ర గ్రంథమును ఎత్తి వ్రాసికొనుట వంటి పని అది.

1985 నవంబరు 20న మైక్రోసాఫ్ట్ సంస్థవారు విండోస్ తొలి కూర్పును వెలువరించిరి. దానికి కనీసము కావలసిన మెమొరీ 256 కిలోబైట్లు. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము అంతకు పదిరెట్లు చోటు ఆక్రమించును. అంతటి ఇరుకింటిలో కిటికీలు, మెనూలు, అక్షరములు, ముద్రణము మున్నగు పనులకు ప్రతి ప్రోగ్రామును తన సరంజామా తాను తెచ్చుకొన్నచో ఇల్లు చాలదు. కావున అందరికి పనికివచ్చు భాగములను వేరుచేసి, ఒక్కచోట ఉంచి, ఎవరికి అవసరమైనపుడు వారు పిలుచుకొనునట్లు ఏర్పాటు చేసిరి. డి.ఎల్.ఎల్. పుట్టుకకు పేదరికమే కారణము. పుస్తకములు కొనజాలని ఊరిలో గ్రంథాలయము వెలయుట కూడ అట్టిదే.

అది మొదలు ప్రోగ్రామును మోసికొనిపోవుట ఒక విద్యయైనది. ప్రోగ్రాము తాను ఉన్నంత మాత్రమున నడువదు. అది ఆశ్రయించిన డి.ఎల్.ఎల్.లు క్రొత్త యంత్రములోను ఉండవలెను, వాని స్థానములలో ఉండవలెను, తగిన కూర్పువై ఉండవలెను. వాడుకరులకు ఈ గొడవ తెలియదు గనుక, సామాను విప్పి సర్దుటకు సెటప్ అను వేరొక ప్రోగ్రామును వెంట పంపు ఆచారము నెలకొన్నది. ఫైళ్లను కుదించి ఫ్లాపీలకు ఎక్కించుట, అచట విప్పి ఏ గూటివి ఆ గూటిలో పెట్టుట, చిహ్నములను తెరపై నిలుపుట, విన్.ఐ.ఎన్.ఐ. వంటి పట్టికలలో వివరములు వ్రాయుట దాని విధులు. సాధారణ ఫ్లాపీలో పట్టునది 1.44 మెగాబైట్లు మాత్రమే. 1995 ఆగస్టు 24న వెలువడిన విండోస్ 95 వ్యవస్థయే ఫ్లాపీలపై 13 ఫలకములుగా వచ్చెను. వానిలో ఫ్లాపీకి ఎక్కువ పట్టుటకై విశేష పద్ధతిని కూడ వాడిరి. పండ్రెండు సవ్యముగా చదివి పదుమూడవది చెడినచో పడిన శ్రమయంతయు వ్యర్థమే.

1991లో విజువల్ బేసిక్ అను సాధనము వచ్చుటతో ప్రోగ్రాములు వ్రాయువారి సంఖ్య పెరిగినది. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, చిన్న వర్తకులు తమకు కావలసినవి తామే వ్రాసికొనజొచ్చిరి. అయితే 1993లో వచ్చిన మూడవ కూర్పుతో వ్రాసిన ప్రతి ప్రోగ్రామును వి.బి.రన్300 అను డి.ఎల్.ఎల్. లేనిదే కదలదు. ఆ ఫైలు సుమారు 400 కిలోబైట్లు. ప్రోగ్రాము నలుబది కిలోబైట్లు, దాని తోడు నాలుగు వందలు! చోటు కలిసివచ్చునని చాలమంది దానిని వెంట పంపక, అది అచట ఉండియే యుండునని నమ్మి ప్రోగ్రామును మాత్రమే పంపెడివారు. వరుడు విడిదికి చేరి, పురోహితుడు ఆ ఊరనే దొరకునని తలచినట్లు. వ్రాసినవాని యంత్రములో అది ఎల్లపుడును నడుచును. అతనికి తప్పు కనబడు మార్గమే లేదు. ఈ శాఖలో అత్యంత చిరకాల దుఃఖమిదియే యని నా తలంపు. తన యింట సర్వము సమకూరియున్న వానికి ఎదుటి యింట ఏమి లేదో తోచదు.

లేకపోవుటకన్న ఘోరమైనది మరియొకటి కలదు. ప్రోగ్రాము తనకు కావలసిన డి.ఎల్.ఎల్.ను వెంట తెచ్చినదనుకొందము. దానిని ఉంచవలసిన స్థలము విండోస్‌లోని సిస్టమ్ అను ఉమ్మడి గూడు. అచట ఆ పేరుతో అదివరకే ఒక ఫైలు ఉండవచ్చును. పాతదానిపై క్రొత్తది పెట్టవచ్చును గాని క్రొత్తదానిపై పాతది పెట్టరాదని నియమము. పెక్కు సెటప్‌లు కూర్పు సంఖ్యను చూడకయే తమది అచట పెట్టి పోయెడివి. నియమము పాటించినను శుభము కలుగుట నిశ్చయము కాదు. క్రొత్త కూర్పు పాతదానివలెనే ప్రవర్తించునని ప్రమాణమేమి? నిఘంటువు రెండవ ముద్రణమున పుటలు మారగా, తొలి ముద్రణమునుబట్టి పుటసంఖ్యలు వ్రాసికొన్న విద్యార్థి ఏమగునో ఆ ప్రోగ్రామును అట్లే అగును. నిన్నటివరకు చక్కగా నడచిన లెక్కల ప్రోగ్రాము, పిల్లలు ఏదో ఆట ఎక్కించిన మరునాడు తెరువకున్నచో, ఆ రెంటికి సంబంధమున్నదని ఎవరూహింతురు? ఆంగ్లమున దీనికి డి.ఎల్.ఎల్. హెల్, అనగా డి.ఎల్.ఎల్. నరకము అని పేరు స్థిరపడినది. పేరు పెట్టినవారు అనుభవజ్ఞులు.

తొలగించుటయు ఒక సంకటమే. విండోస్ 95లో ప్రోగ్రాములను తీసివేయుటకు ప్రత్యేక స్థానము కల్పించి, ఉమ్మడి ఫైళ్లను ఎందరు వాడుచున్నారో లెక్కించు పట్టికను రిజిస్ట్రీలో ఏర్పరచిరి. ఆ లెక్కను వ్రాయువారు ఆ సెటప్‌లే. వానిలో కొన్ని వ్రాయకపోయెడివి. కావున తొలగించు వేళ, ఈ ఉమ్మడి ఫైలును ఎవరును వాడుచున్నట్లు లేదు, తీసివేయుదునా యని యంత్రమే యజమానిని ప్రశ్నించెడిది. తీసివేసినచో ఏది కూలునో అతనికేమి తెలియును? పాఠకులే పుస్తకములను అలమరలో పెట్టి, పాఠకులే తీసి, ఖాతాపుస్తకము వ్రాయుట వారి మనస్సాక్షికే వదలిన గ్రంథాలయము ఎన్నాళ్లు నిలుచును?

గ్రంథపాలకుడు 1999లో వచ్చెను. ఆఫీస్ 2000తో పాటు మైక్రోసాఫ్ట్‌వారు విండోస్ ఇన్‌స్టాలర్ అను సేవను ప్రవేశపెట్టిరి. అంతకుముందు సెటప్ అనునది తన ఇష్టము వచ్చినట్లు చేయు ప్రోగ్రాము. ఇపుడు ఎం.ఎస్.ఐ. అను ప్యాకేజి కేవలము పట్టికల సముదాయము. ఏ ఫైలు ఎచటికి పోవలెను, రిజిస్ట్రీలో ఏమి వ్రాయవలెను అని అందు తెలిపియుండును. ఆ పట్టికలు చదివి పని చేయువాడు వ్యవస్థ నియమించిన ఒక్కడే. నడుమ విఘ్నము కలిగినచో చేసిన మార్పులను వెనుకకు తీసికొని యంత్రమును పూర్వస్థితికి తెచ్చును. ముఖ్యమైన ఫైలు పోయినచో గుర్తించి మరల తెచ్చిపెట్టును. విండోస్ 2000తో కార్యాలయములలో ఒక్కచోటినుండి నూరు యంత్రములకు ఒకేసారి ప్రోగ్రామును పంపు వీలు కలిగినది. వ్యవస్థకు చెందిన డి.ఎల్.ఎల్.లను పరుల సెటప్‌లు మార్చినచో తిరిగి సరిచేయు కాపలాయు అప్పుడే వచ్చెను.

అయితే ఆ పట్టికలు వ్రాయుట సులభము కాదు. 2004 ఏప్రిల్‌లో విక్స్ అను ఉపకరణమును మైక్రోసాఫ్ట్‌వారు మూలముతో సహా లోకమునకు విడిచిరి. ఆ సంస్థ తన సాధనమొకదానిని స్వేచ్ఛా మూల అనుమతిపత్రముతో విడుచుట అదియే ప్రథమము. చిన్నవారు మాత్రము 1997లో జోర్డన్ రస్సెల్ రచించి ఉచితముగా ఇచ్చిన ఇన్నో సెటప్‌నే ఎక్కువగా ఆశ్రయించిరి. ఒక్క చిన్న వ్రాతఫైలులో కావలసినవి చెప్పిన చాలును, ఒక్క సెటప్ ఫైలు సిద్ధమగును. నేటికిని దానికి ఆదరము తగ్గలేదు.

తెలుగువారికి ఈ చరిత్రలో సొంత అధ్యాయమొకటి కలదు. యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగునకు స్థానము లభించినను, విండోస్‌లో ఆ స్థానము అక్కరకు వచ్చుటకు పదేండ్లు పట్టెను. ఒత్తులును గుణింతములును అక్షరము క్రిందను ప్రక్కను సరిగా కూర్చవలెనన్నచో దానికొక డి.ఎల్.ఎల్. కావలెను. యు.ఎస్.పి.10 అను ఆ ఫైలు విండోస్ 2000 నాటికి భారతీయ లిపులలో దేవనాగరిని, తమిళమును మాత్రమే ఎరుగును. 2001లో విండోస్ ఎక్స్.పి.తో గౌతమి అను అక్షరరూపము వచ్చుటతో తెలుగును చేరినది. అప్పటికిని సంక్లిష్ట లిపుల ఫైళ్లను సెట్టింగులలో గుర్తుపెట్టి, విండోస్ సీడీని లోపల ఉంచి, వేరుగా ఎక్కించుకొనవలసియుండెను. సీడీ లేనివారి తెరపై తెలుగు చదురపు డబ్బాలుగా కనబడెడిది. అంతకుముందు ప్రతి సంస్థయు తన సొంత సంకేతములతో ఫాంటు చేసికొన్నది. ఆ ఫాంటు లేని యంత్రములో తెలుగు వ్యాసము అర్థములేని ఆంగ్లాక్షరముల కుప్పయై నిలిచెడిది. తెలుగు ప్రోగ్రామును పంపువాడు ప్రోగ్రాముతో పాటు అక్షరములను కూడ మూటగట్టి పంపవలసియుండెను. 2007లో విస్టా జనులకు అందిన పిదప గాని ఆ బరువు దిగలేదు.

ఇక దూరమునుండి తెచ్చుకొను కాలము. 2005లో డాట్‌నెట్ రెండవ కూర్పుతో క్లిక్‌వన్స్ అను పద్ధతి వచ్చెను. వెబ్ పుటలోని లంకెను నొక్కిన చాలును, ప్రోగ్రాము దిగి, తెరచునపుడు క్రొత్త కూర్పు ఉన్నదేమో తానే చూచుకొనును. పట్టణమున ఇది వరమే. ప్రోగ్రాము ఒక మెగాబైటే యైనను డాట్‌నెట్ ఆధారమే యంత్రములో లేకున్నచో అది సుమారు 22 మెగాబైట్లు. 56 కిలోబిట్ల మోడెముపై, లైను తెగకున్నను, దాదాపు గంట. పల్లెలో లైను తెగక గంట నిలిచిన దినము పండుగ దినమే. కావుననే, నెట్టునుండి మిగిలిన భాగములను తెచ్చుకొను చిన్న సెటప్‌కన్న, అన్నియు తనలో ఇముడ్చుకొన్న పెద్ద సెటప్‌నే గ్రామీణులు వెదకుకొనుచుండిరి.

ఇంతలో డిస్కు ధర పడిపోయినది, మెమొరీ గిగాబైట్లలోనికి వచ్చినది, డి.ఎల్.ఎల్. పుట్టించిన పేదరికము తీరినది. 2001లోనే ఒకే డి.ఎల్.ఎల్. యొక్క పలు కూర్పులను ప్రక్కప్రక్కన ఉంచుటకు ఎక్స్.పి. అనుమతించినది. 2018లో వెలువడిన ఎం.ఎస్.ఐ.ఎక్స్. పద్ధతియందు ఒక ప్యాకేజి మరియొకదాని ఫైళ్లను తాకజాలదు. 2019 సెప్టెంబరులో డాట్‌నెట్ కోర్ 3.0తో డెస్కుటాపు ప్రోగ్రాము తన ఆధారమునంతయు తనతోనే తీసికొనిపోవు వీలు కలిగినది. ఆ మూట పదుల మెగాబైట్లు, ఒక్కొక్కప్పుడు నూరు దాటును. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున పుట్టిన నాటక సమాజమువారు తెరలు, దీపములు, రంగస్థలము సర్వమును వెంటగొని ఊరూర తిరిగినట్లు ప్రోగ్రాములు నేడు తిరుగుచున్నవి. ఉమ్మడి గ్రంథాలయమును వదలి ప్రతియింట సొంత అలమర పెట్టుకొనుట ఇది. పని చక్కగా జరుగుచున్నది, కాదనను. కాని ఒక భాగమున దోషము బయటపడినచో, పూర్వము ఒక్క ప్రతిని దిద్దిన అందరికి సరిపోయెడిది. నేడు ప్రతి యింటి ప్రతిని వేరుగా దిద్దవలెను. ఈ బేరములో లాభమే గాని నష్టము లేదనువారితో నేను ఏకీభవింపజాలను.

సామాను సరిగా చేరినంతనే గుమ్మము తెరువబడదు. వచ్చినది ఎవరు పంపిన మూటయో తెలిసికొనుటకై 1996 నుండియే అంకవిధి సంతకము అమలులో నున్నది. 2012లో విండోస్ 8 మొదలుకొని, నెట్టునుండి దించిన ప్రోగ్రాముపై తగిన సంతకము గాని వ్యాప్తి గాని లేనిచో నీలివర్ణపు హెచ్చరిక తెరకడ్డముగా నిలుచుచున్నది. దొంగల నుండి రక్షణకు అది అవసరమే. కాని ఆ సంతకమునకు కావలసిన ధ్రువపత్రమును రుసుము చెల్లించి కొని, గడువు తీరినపుడెల్ల పునరుద్ధరింపవలెను. 2023 జూన్ నుండి దాని రహస్య సంకేతమును ప్రత్యేక పరికరములోనే దాచవలెనని నియమము. పెద్ద సంస్థలకు ఇది లెక్కలోనిది కాదు. తన ఊరి గ్రంథాలయమునకై తీరిక వేళల పట్టిక ప్రోగ్రాము వ్రాసి ఉచితముగా పంచదలచిన ఉపాధ్యాయుని మూట మాత్రము దొంగమూటవలె కనబడుచున్నది.

ఈ బాధలన్నిటికి విరుగుడుగా అసలు మోయుటయే మానిరి కొందరు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌వారు మన దేశ గ్రంథాలయములకై రూపొందించిన ఇ-గ్రంథాలయ తొలుత విండోస్ యంత్రములలో ఎక్కించుకొనవలసినదే. దానికి తోడుగా డేటాబేసు సర్వరును కూడ స్థాపించుకొనవలసియుండెను. నాలుగవ కూర్పు నాటికి అది బ్రౌజరులోనే తెరచుకొనునదైనది. గ్రంథపాలకునికి సెటప్ బెడద తప్పినది. నెట్టు పోయిన దినమున పుస్తకముల పట్టికయు దానితోడనే పోవును.

పాత ప్రోగ్రాముల గతి వేర్వేరుగా నున్నది. 1993 నాటి మూడవ విజువల్ బేసిక్‌తో వ్రాసినవి 16 బిట్లవి. 64 బిట్ల విండోస్‌పై అవి నడువవు. విండోస్ 11 అంతయు 64 బిట్లదే. 1998 నాటి ఆరవ విజువల్ బేసిక్‌తో వ్రాసినవి మాత్రము నేటికిని నడుచుచున్నవి. వానికి మూలాధారమైన డి.ఎల్.ఎల్.ను మైక్రోసాఫ్ట్‌వారు విండోస్ 11తో కూడ పంపుచున్నారు. విండోస్ 10కి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినందున పెక్కుచోట్ల క్రొత్త యంత్రములు కొనవలసివచ్చుచున్నది. అట్టి ప్రోగ్రాముతో సభ్యుల ఖాతాలు నడుపు గ్రంథాలయములు దానిని క్రొత్త యంత్రమునకు మార్చుకొనవచ్చును. కాని పట్టికలు, గడులు, బొత్తాములు చూపు ఓ.సి.ఎక్స్. ఫైళ్లలో పెక్కు విండోస్‌తో రావు. అవి మొదటి సెటప్ సీడీలోనే యుండును. ఆ సీడీ అలమరలో ఏ మూలనున్నదో యంత్రము మార్చుటకు ముందే వెదకి తీసి, చదువబడుచున్నదో లేదో చూచి, వేరొకచోట నకలు ఉంచుకొనవలెను.