అర్జీ వేరు, కేసు వేరు

హిందూపురంలో, ధర్మవరంలో, బాబయ్య దర్గా నీడనున్న పెనుకొండలో పౌరసత్వం అర్జీ అనగానే మా సాయిబుల ఇళ్ళల్లో మొదటి మాట: వకీలుకు డబ్బెక్కడ? అర్జీ నింపడానికి చదువొచ్చిన పిల్లోడు చాలు. కేసు పెడితే చాలడు. 2025 వలస, విదేశీయుల చట్టం ప్రకారం విదేశీయుణ్ణి కానని మనమే రుజువు చేసుకోవాలి.

మన రాష్ట్రంలోనే అబ్దుల్ ఖాదర్ అనే భారతీయుడు 1954 చివర పాకిస్తాన్ వెళ్ళి, 1955 జనవరిలో అక్కడి పాస్‌పోర్టుతో తిరిగొచ్చాడు. వీసా గడువు పెంచమని అర్జీ పెట్టుకున్నాడు. చివరికి శిక్ష పడింది. హైకోర్టు దాన్ని కొట్టేస్తే సర్కారు ఊరుకుందా? సుప్రీంకోర్టుకెక్కింది. పౌరసత్వం పోయిందో లేదో కేంద్రం తేల్చకుండా శిక్షించకూడదని 1961లో ఆ అప్పీలు వీగిపోయింది. ఈ మెలిక ఏ అర్జీ ఫారంలో రాసుంటుంది?

1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకూ పేదలకూ వకీలు ఉచితం. నోటీసు వచ్చిన రోజే వెళ్ళి అడగాలి.