శిఖరాగ్ర సదస్సులు – స్తంభించే రాకపోకలు

అంతర్జాతీయ సదస్సు జరిగే నగరంలో నగరవాసుల ఇక్కట్లు పత్రికలకు ఎక్కుతాయి. ఆనాడే దూరప్రాంతం నుండి ఆ నగరానికి చేరవలసిన ప్రయాణికుని సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. బళ్లారి సరిహద్దు పల్లెలవారు వైద్యానికీ, చదువుకూ, కొలువుకూ ఆశ్రయించే మహానగరాలలో హైదరాబాదు ఒకటి. హగరి వద్ద ఆరంభమయ్యే 167వ జాతీయ రహదారి ఆలూరు, ఆదోని, మంత్రాలయం, రాయచూరు, మహబూబ్‌నగర్‌ల మీదుగా సాగి, జడ్చర్ల వద్ద 44వ రహదారిని కలుస్తుంది. అటుపై శంషాబాదు, ఆరాంఘర్‌ల మీదుగా నగర ప్రవేశం.

2017 నవంబరు 28 నుండి 30 వరకు హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. వేదిక మాదాపూర్‌ ప్రాంతంలోని అంతర్జాతీయ సమావేశ మందిరం. ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, అమెరికా అధ్యక్షుని సలహాదారు, ఆయన కుమార్తె ఇవాంకా ట్రంప్‌ ఇందులో పాల్గొన్నారు. తొలినాడే ప్రధాని మియాపూర్‌లో మెట్రో రైలును ప్రారంభించారు. రాత్రి విందు పాతబస్తీలోని ఫలక్‌నుమా ప్యాలెస్‌లో జరిగింది. మ్యాపులో చూస్తే మియాపూర్‌ వాయవ్యాన, ఫలక్‌నుమా దక్షిణాన ఉంటాయి. అందువల్ల కట్టుదిట్టాలు ఒక్క మాదాపూర్‌కే పరిమితం కావడానికి వీలులేదు. పైగా ఫలక్‌నుమా ఆరాంఘర్‌కు, అంటే ఈ ప్రాంతపు బస్సులు వచ్చే దిక్కుకు, ఎంతో దూరం కాదు.

ప్రముఖుల వాహనశ్రేణి కదలడానికి ముందే మార్గాన్ని ఖాళీ చేయిస్తారు. హెలికాప్టరు ఏర్పాటు ఉన్నా, వాతావరణం అనుకూలించకపోతే అవసరమని రోడ్డు మార్గాన్నీ సిద్ధంగా ఉంచడం ఆనవాయితీ. కాబట్టి ప్రకటించిన వేళలు కచ్చితమని నమ్మరాదు. ఒక కూడలిలో ఆపిన వాహనాలు వెనుక నాలుగు కూడళ్ల దాకా బారులు తీరుతాయి; దారి విడిచిన తరువాత కూడా ఆ రద్దీ వెంటనే తగ్గదు.

ఆ సదస్సుకు ముందు నవంబరు 8న నగర పోలీసులు భిక్షాటనను 2018 జనవరి 7 వరకు నిషేధించారు. అతిథుల కంటికి నగరం ఎలా కనబడాలన్న ఆరాటం రాకపోకలతోనే ఆగలేదనడానికి ఇది నిదర్శనం.

ఢిల్లీలో 2023 సెప్టెంబరు 9, 10 తేదీలలో జరిగిన జీ-20 సదస్సుకు మరింత విస్తృతమైన ఆంక్షలు విధించారు. మూడు రోజులు సెలవు ప్రకటించారు. ఉత్తర రైల్వే పరిధిలో రెండు వందలకు పైగా రైళ్లు రద్దయ్యాయి. రైల్వేయే రైలును రద్దు చేస్తే ఛార్జీ పూర్తిగా తిరిగి వస్తుంది: ఆన్‌లైన్‌ టికెట్టు సొమ్ము దానంతట అదే ఖాతాకు చేరుతుంది, కౌంటరులో కొన్న టికెట్టును గడువులోగా అప్పగించాలి.

అన్నిటికన్నా చిక్కు రోగులది. పోలీసు ప్రకటనలలో అంబులెన్సుకు మినహాయింపు ఉంటుంది. అద్దె కారులో రోగిని పడుకోబెట్టి తెచ్చే కుటుంబానికి ఆ మాట వర్తించేదీ లేనిదీ కూడలిలోని కానిస్టేబులు విచక్షణను బట్టి ఉంటుంది. ఆసుపత్రి చీటీ పైకి కనబడేలా ఉంచుకోవడం, అపాయింట్‌మెంటు ఉంటే ముందునాటి రాత్రికే నగరం చేరడం మేలు. నిమ్స్‌కు వెళ్లేవారికి 2017లో లేని సౌకర్యం ఒకటి తరువాత ఏర్పడింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట – ఎల్బీనగర్‌ మెట్రో మార్గం ప్రారంభమైంది. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగినవారు అక్కడే మెట్రో ఎక్కి, రైలు మారే పని లేకుండా పంజగుట్ట చేరవచ్చు. కింద రోడ్డు మూసినా పైన రైలు నడుస్తుంది. అయితే ఢిల్లీ సదస్సు రోజులలో సుప్రీంకోర్టు మెట్రో స్టేషన్‌ను మూసివేశారు గనుక, దిగవలసిన స్టేషన్‌ తెరిచి ఉన్నదీ లేనిదీ బయలుదేరే ముందు విచారించుకోవాలి.