భూమి చట్టం చదవాలనుకునే దళిత విద్యార్థికి: ఎక్కడ మొదలుపెట్టాలి?

రియల్ ఎస్టేట్ చట్టాల్లో పనిచేస్తే బతుకుతెరువు ఉంటుందా అని లాసెట్ రాసే మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు. ఉంటుంది. లేఅవుట్ అనుమతులు, లింకు డాక్యుమెంట్ల పరిశీలన, రెరా ఫిర్యాదులు, భూసేకరణ పరిహారం కేసులు... నగరం పెరిగే కొద్దీ లాయర్లకు పని పెరుగుతూనే ఉంది. అయితే ఆ పనిలో ఎక్కువ భాగం కొనేవాళ్ల వైపు, కట్టేవాళ్ల వైపు ఉంటుంది. డీ-ఫారం పట్టానో, లావణి పట్టానో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద కూర్చున్న మనిషికి లాయరు దొరకడమే కష్టం. ఆ మనిషి పక్కన నిలబడాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాం.

చదువు సంగతి క్లుప్తంగా. ఇంటర్ తర్వాత 5 ఏళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత 3 ఏళ్ల కోర్సు. రెండింటికీ లాసెట్ రాయాలి. హైదరాబాద్ నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం కావాలంటే క్లాట్. బార్ కౌన్సిల్‌లో నమోదుకు వేలకు వేలు అడిగే రోజులు చట్టప్రకారం పోయాయి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఎస్సీ, ఎస్టీల నుంచి 125 రూపాయలకు మించి నమోదు ఫీజు తీసుకోకూడదు. ఈ సంగతి తెలియక అప్పు చేయకండి.

అసలు చదవాల్సింది సిలబస్‌లో తక్కువగా కనిపిస్తుంది. మొదటిది 1977 నాటి అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం, అంటే 9/77. 3వ సెక్షన్ అసైన్డు భూమి అమ్మకాన్ని నిషేధిస్తుంది. 4వ సెక్షన్ కింద కొన్నవాణ్ని ఖాళీ చేయించి, భూమిని మొదటి పట్టాదారుకో అతని వారసులకో తిరిగి ఇవ్వవచ్చు. మేము ఫీల్డ్‌వర్క్ చేసిన ఒక ఊళ్లో, తండ్రి ఆసుపత్రి ఖర్చుకు తెల్లకాగితం మీద ఎకరం రాసిచ్చిన కుటుంబం ఉంది. కొడుకులు ఆ భూమి ఎప్పుడో పోయిందనుకున్నారు. వాళ్లు వెళ్లిన లాయరు సివిల్ దావా గురించే మాట్లాడాడు కానీ 4వ సెక్షన్ ఊసెత్తలేదు. మేము వెళ్లేసరికి ఆ ఎకరంలో హద్దురాళ్లు పాతేశారు.

ఈ చట్టాన్ని గుడ్డిగా నమ్మడమూ ప్రమాదమే. రెండు రాష్ట్రాలూ దీన్ని సవరించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ, 20 ఏళ్లు దాటిన అసైన్డు భూములపై మొదటి పట్టాదారులకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. హక్కు వచ్చినట్టే కనిపిస్తుంది, కానీ రోడ్డు పక్క భూమిని పేదవాడు ఎంత ధరకు, ఎవరి ఒత్తిడితో అమ్ముతాడన్నది మా అనుమానం. తేదీ చూడకుండా సలహా చెప్పొద్దు.

భూసేకరణలో ఇంకో మెలిక ఉంది. అసైన్డు భూమి సర్కారుదే కదా, పరిహారమెందుకు అనే మాట అధికారుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. చేవెళ్ల డివిజన్ కేసులో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే ఆ వాదనను తోసిపుచ్చి, పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. 2013 భూసేకరణ చట్టంలో భూయజమాని నిర్వచనంలోకి అసైన్డు భూములవాళ్లూ వచ్చారు.

కబ్జా కేసుల్లో అట్రాసిటీ చట్టాన్ని మన లాయర్లే మరిచిపోతుంటారు. ఎస్సీ, ఎస్టీల భూమిని అక్రమంగా ఆక్రమించడం, వాళ్లను భూమి నుంచి వెళ్లగొట్టడం సెక్షన్ 3(1)(ఎఫ్), (జి) కింద నేరాలు. రికార్డులు తారుమారు చేసి సాధించినదీ, ప్రాణభయం చూపి ఒప్పించినదీ అక్రమమేనని వివరణలోనే రాసి ఉంది. రెవెన్యూ దరఖాస్తుతో పాటు ఈ దారి కూడా చూడాలి.

చట్టం కన్నా ముందు కాగితం చదవడం రావాలి. తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, టిప్పన్. ఆంధ్రలో ఆర్ఎస్ఆర్, ఫెయిర్ అడంగల్, ఎఫ్ఎంబీ. రెండుచోట్లా అసైన్‌మెంట్ రిజిస్టరు. సర్వే నంబరు ఎప్పుడు సబ్‌డివిజన్ అయింది, అనుభవదారు కాలమ్‌లో పేరు ఏ ఏడాది మారింది అన్నది పట్టుకుంటే సగం కేసు చేతికొచ్చినట్టే. నకళ్లు ఇవ్వకపోతే ఆర్టీఐ వేయండి. ఆ భూమి రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో ఉందో లేదో కూడా చూడండి. జాబితా నుంచి ఒక సర్వే నంబరు చప్పుడు కాకుండా మాయమైతే ఎవరో కొనబోతున్నారని అనుమానించండి.

తెలంగాణలో 2020 చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేశాక పేదలు చిన్న తప్పుకు కూడా సివిల్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం మళ్లీ ఆర్డీవో, కలెక్టర్ల దగ్గర అప్పీలుకు వీలిచ్చింది. అప్పీళ్లు రాసిపెట్టే యువ లాయర్లకు ఇప్పుడు మండలాల్లోనే పని ఉంది.

డిగ్రీ చేతికొచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కింద ఊరి యువతీయువకులే పారాలీగల్స్‌గా, కమ్యూనిటీ సర్వేయర్లుగా భూమి ఫైళ్లు కదిలించారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా చేరవచ్చు. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి; దరఖాస్తు మీరే రాయించండి. సెలవుల్లో మీ వాడలో ఇంటింటికీ తిరిగి, ట్రంకుపెట్టెల్లోని పట్టాలను ఫొటోలు తీసి, సర్వే నంబర్ల వారీగా ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.