రివర్సు గేరు

రివర్సు గేరు అనగా మోటారు వాహనాన్ని వెనుకకు నడపడానికి గేరుపెట్టెలో అమర్చిన పళ్ళచక్రాల కూర్పు. వాడుకలో దీనిని బ్యాక్ గేరు అని కూడా అంటారు. ముందు గేర్లన్నీ సక్రమంగా పడుతూ రివర్సు మాత్రమే పడకపోవడం కార్లలో తరచుగా కనిపించే లోపం. దీనికి కారణం చాలా సందర్భాలలో గేరుపెట్టె లోపల కాక వెలుపల, అనగా క్లచ్చిలో గాని, గేరు లీవరును గేరుపెట్టెతో కలిపే కేబుళ్ళలో గాని ఉంటుంది. గేరుపెట్టెను దించి విప్పడం ఎక్కువ ఖర్చుతో కూడిన పని కనుక వెలుపలి భాగాలను ముందుగా పరీక్షించాలి.

పనిచేయు విధానం

ఒకదానితో ఒకటి కలిసిన రెండు పళ్ళచక్రాలు పరస్పరం వ్యతిరేక దిశలలో తిరుగుతాయి. వాటి నడుమ మూడవ చక్రాన్ని చేర్చితే చివరి చక్రం తిరిగే దిశ మారుతుంది. రివర్సు గేరు ఈ సూత్రంపై పనిచేస్తుంది. ఈ మూడవ చక్రాన్ని ఐడ్లర్ గేరు అంటారు. అనేక మాన్యువల్ కార్లలో లీవరును రివర్సు స్థానానికి జరిపినపుడు ఒక ఫోర్కు ఐడ్లర్ గేరును పక్కకు నెట్టి మిగిలిన రెండు చక్రాలతో కలుపుతుంది.

ముందు గేర్లు పడేటపుడు భాగాల వేగాలను సమం చేసే సింక్రోమెష్ అనే ఏర్పాటు 1928లో కాడిలాక్ కార్లతో వాడుకలోకి వచ్చింది. రివర్సును కారు ఆగి ఉన్నపుడే వేస్తారు కాబట్టి అనేక కార్లలో దానికి ఈ ఏర్పాటు ఉండదు. అటువంటి కార్లలో రివర్సు చక్రాల పళ్ళు సాధారణంగా ఏటవాలుగా కాక తిన్నగా ఉంటాయి. వెనుకకు పోయేటపుడు కూత వంటి శబ్దం రావడానికి కారణం ఇదే.

లోపం కాని సందర్భాలు

* క్లచ్చి తొక్కిన తరువాత కూడా గేరుపెట్టెలోని షాఫ్టు కొద్దిసేపు తిరుగుతూనే ఉంటుంది. అది ఆగకముందే రివర్సు వేస్తే పళ్ళు ఒరుసుకొని కరకరమని శబ్దం వస్తుంది. మూడు నాలుగు సెకన్లు ఆగి వేయాలి, లేదా ముందుగా ఏదైనా ముందు గేరు వేసి తరువాత రివర్సు వేయాలి.
* పన్నుకు పన్ను ఎదురైతే గేరు పడదు. న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్చిని వదిలి మరల తొక్కితే చక్రాలు కొద్దిగా కదిలి గేరు పడుతుంది.
* పొరపాటున రివర్సు పడకుండా కొన్ని కార్లలో అడ్డు ఉంటుంది. రెనో డస్టర్‌లో లీవరు పైనున్న రింగును ఎత్తాలి, ఫోక్స్‌వ్యాగన్ పోలోలో లీవరును కిందికి నొక్కాలి.

లోపాన్ని గుర్తించుట

కారును చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, కారుకు ముందు వెనుకల ఎవరూ లేకుండా చూసుకోవాలి.

మొదటి పరీక్ష: ఇంజను ఆపి, క్లచ్చి తొక్కి రివర్సు వేయాలి. ఇంజను ఆగి ఉన్నపుడు సులువుగా పడి, నడుస్తున్నపుడు పడకపోతే లోపం ముఖ్యంగా క్లచ్చిలో ఉన్నట్లు. అనగా పెడలు తొక్కినా క్లచ్చి పూర్తిగా విడిపోవడం లేదు. పలుమార్లు ప్రయత్నించినా ఇంజను ఆగి ఉన్నపుడు కూడా పడకపోతే లీవరు, కేబుళ్ళు లేదా గేరుపెట్టెను అనుమానించాలి.

రెండవ పరీక్ష: ఇంజనును స్టార్టు చేయకుండా తాళంచెవిని ఆన్ స్థానానికి తిప్పి రివర్సు వేయాలి. అనేక మాన్యువల్ కార్లలో వెనుక తెల్లని లైటు స్విచ్చి గేరుపెట్టెపైనే ఉంటుంది. బల్బు, ఫ్యూజు బాగున్నా లీవరు రివర్సులో ఉండగా లైటు వెలగకపోతే, లీవరు కదలిక గేరుపెట్టె లోపలి వరకు చేరడం లేదని భావించవచ్చు. లైటు వెలిగి, ముందు గేర్లలో కారు బాగా నడుస్తూ, రివర్సులో మాత్రం కదలకపోతే లోపలి చక్రాలు దెబ్బతిని ఉండవచ్చు.

కారణాలు, మరమ్మతు

క్లచ్చి: మారుతి 800 వంటి కార్లలో క్లచ్చి కేబులుతో పనిచేస్తుంది. కేబులు సాగితే పెడలు తొక్కినంత మేర క్లచ్చి విడిపోదు. కారు మాన్యువల్‌లో ఇచ్చిన కొలత ప్రకారం కేబులును సరిచేయాలి, పోగులు తెగి ఉంటే మార్చాలి. హైడ్రాలిక్ క్లచ్చి గల కార్లలో ద్రవం తగ్గినా, గొట్టంలో గాలి చేరినా ఇదే లోపం వస్తుంది. మాస్టర్ సిలిండరు, స్లేవ్ సిలిండరు వద్ద కారుడు ఉన్నదేమో చూసి, దానిని సరిచేసిన తరువాత గాలి తీయాలి. కారుడును వదిలి ద్రవం మాత్రమే నింపితే లోపం తిరిగి వస్తుంది. అనేక కార్లలో బ్రేకుకు, క్లచ్చికి ద్రవం డబ్బా ఒకటే కాబట్టి మట్టం తగ్గడాన్ని ఉపేక్షించరాదు. వరద నీటిలో మునిగిన కార్లలో, చాలాకాలం కదపని కార్లలో తుప్పు వలన క్లచ్చి ప్లేటు ఫ్లైవీలుకు అంటుకుపోవచ్చు.

లీవరు, కేబుళ్ళు: కేబులు చివర ఉండే ప్లాస్టిక్ బుష్షు అరిగినా, ఊడినా లీవరు వదులుగా ఆడుతుంది. రివర్సు సాధారణంగా లీవరు కదలికలో ఒక అంచున ఉంటుంది కనుక ఈ అరుగుదల ప్రభావం కొన్ని కార్లలో ముందుగా రివర్సుపైనే కనిపిస్తుంది. బుష్షు మార్చి, కేబులును సరిచేస్తే చాలు. రింగు కింది సన్నని కేబులు తెగినా రివర్సు పడదు.

గేరుపెట్టె: ఐడ్లర్ గేరు పళ్ళు విరగడం, ఫోర్కు వంగడం లేదా అరగడం లోపలి కారణాలు. వీటికి గేరుపెట్టెను దించక తప్పదు. గేరు ఆయిలును తీసినపుడు అందులో లోహపు ముక్కలు కనిపిస్తే ఈ అనుమానం బలపడుతుంది.

ఆటోమేటిక్ కార్లలో

ఆటోమేటిక్ కార్లలో బ్రేకు తొక్కనిదే లీవరు పార్కు స్థానం నుండి కదలదు. లీవరు బిగుసుకుపోతే ముందుగా బ్రేకు లైట్లు వెలుగుతున్నవో లేదో చూడాలి. వెలగకపోతే ఫ్యూజు లేదా బ్రేకు పెడలు స్విచ్చి పాడై ఉండవచ్చు. లీవరు కదిలినా కారు వెనుకకు పోకపోతే గేరు ద్రవం మట్టాన్ని చూడాలి. ద్రవం నల్లబడి మాడిన వాసన వస్తే లోపలి క్లచ్చి ప్లేట్లు అరిగి ఉండవచ్చు.

జాగ్రత్తలు

కారు ముందుకు కదులుతుండగా రివర్సు వేయరాదు. గేరు పడనపుడు లీవరును బలవంతంగా నెట్టితే పళ్ళ అంచులు విరుగుతాయి. కేబులుతో పోయే లోపం అప్పుడు గేరుపెట్టె దించవలసిన లోపంగా మారుతుంది. మరమ్మతు జరిగేవరకు వెనుకకు తీయనవసరం లేని చోటనే కారును నిలపాలి. క్లచ్చి లోపమైతే కారును నడపకుండా మెకానిక్కును పిలిపించడం మేలు.

ఇవి కూడా చూడండి

* క్లచ్చి
* గేరు
* మోటారు వాహనం